యార్క్‌టౌన్ విజయంలో సముద్రం వాటా

సంపాదకులకు,

నమస్కారాలు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండుతున్న సందర్భంగా మీ పత్రిక ఆదివారం సంచికలో ప్రచురించిన వ్యాసాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలను నీటిలో పారబోసిన నాటి నుంచి యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ లొంగిపోయిన నాటి వరకు ఆ కథను వ్యాసకర్త చక్కగా చెప్పారు. అయితే చాలా ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాడిగా అందులోని రెండు మాటలను అలాగే వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. ఫ్రాన్స్ స్వేచ్ఛాభిమానంతో కొంత సాయం చేసిందనడం మొదటిది. యార్క్‌టౌన్‌తో యుద్ధం ముగిసిందనడం రెండోది. సముద్రాన్ని లెక్కలోకి తీసుకుంటే ఈ రెండూ నిలబడవు. కూటములు కట్టి, బ్రిటన్ నౌకాబలాన్ని నాలుగు సముద్రాలకు చెదరగొట్టి ఉండకపోతే ఈ యుద్ధం ఇలా ముగిసేది కాదని నా నమ్మకం.

బ్రిటన్‌కు, అమెరికా వలసలకు మధ్య మూడు వేల మైళ్ల అట్లాంటిక్ ఉంది. అమెరికాలోని బ్రిటిష్ సైనికుడికి కావలసిన తిండి, తుపాకి మందు, దుస్తులు చాలావరకు ఆ సముద్రం దాటే రావాలి. న్యూయార్క్, ఫిలడెల్ఫియా, చార్లెస్టన్ వంటి రేవులను బ్రిటిష్ సేనలు కోరినప్పుడు పట్టుకోగలిగాయంటే, తీరం వెంట ఎక్కడైనా దిగగల నౌకాబలం వాటికి ఉండటమే కారణం. అమెరికన్లకు ఆ బలం లేదు. 1775 అక్టోబరు 13న వారి కాంగ్రెసు ఒక నౌకాదళాన్ని ఏర్పాటు చేసింది, ఆ డిసెంబరులో 13 ఫ్రిగేట్ల (వేగంగా పోయే మధ్యతరహా యుద్ధనౌకల) నిర్మాణానికి అనుమతించింది. వాటిలో చాలా భాగం శత్రువు చేతికి చిక్కాయి, లేదా చిక్కకుండా అమెరికన్లే తగలబెట్టుకున్నారు. ప్రభుత్వ అనుమతి పత్రాలతో బయలుదేరిన ప్రైవేటు ఓడలు బ్రిటిష్ వర్తకానికి చేసిన నష్టం తక్కువేమీ కాదు. కానీ వర్తకుల సరుకును దోచుకోగలిగిన ఓడలు యుద్ధనౌకల వరుసను ఎదిరించలేవు. 1779 సెప్టెంబరు 23న ఇంగ్లండు తీరంలో ఫ్లాంబరో హెడ్ దగ్గర అమెరికన్ నౌకాధిపతి జాన్ పాల్ జోన్స్ సాధించిన విజయాన్ని అమెరికన్లు నేటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆయన నడిపిన బానమ్ రిషార్ నౌక కూడా ఫ్రెంచివారు ఇచ్చిన పాత వర్తక నౌకే.

ఇక ఫ్రాన్స్ సంగతి. బ్రిటన్‌తో సాగిన ఏడేళ్ల యుద్ధం ముగిసిన 1763లో ఫ్రాన్స్ కెనడాను పోగొట్టుకుంది, భారతదేశంలో పలుకుబడిని కోల్పోయింది. ఆ అవమానాన్ని ఆ దేశ మంత్రులు మరచిపోలేదు. తరువాతి పదిహేనేళ్లలో వారు నౌకాదళాన్ని శ్రద్ధగా తిరిగి నిర్మించుకున్నారు. విదేశాంగ మంత్రి వెర్జెన్‌కు అమెరికన్ల తిరుగుబాటు బ్రిటన్‌ను దెబ్బతీయడానికి దొరికిన అవకాశంగా కనిపించింది. నిరంకుశ రాజైన పదహారవ లూయీ కొలువులో ప్రజాప్రభుత్వం మీద ప్రేమ పుట్టిందని అనుకోనక్కరలేదు. 1776లోనే నాటకకర్త బోమార్షె పెట్టిన ఒక ఉత్తుత్తి వర్తక సంస్థ పేరిట తుపాకులు, మందుగుండు రహస్యంగా అమెరికా చేరాయి. దానికి ఫ్రాన్స్ పది లక్షల లివర్లు (నాటి ఫ్రెంచి ద్రవ్యం) ఇస్తే, స్పెయిన్ కూడా అంతే ఇచ్చింది. 1777 అక్టోబరు 17న సరటోగాలో బ్రిటిష్ సేనాని బర్గోయిన్ సైన్యం లొంగిపోయాక ఫ్రాన్స్ ముసుగు తీసింది. 1778 ఫిబ్రవరి 6న పారిస్‌లో రెండు ఒప్పందాల మీద సంతకాలు జరిగాయి. ఒకటి స్నేహ వాణిజ్యాలకు సంబంధించినది, రెండోది సైనిక మైత్రికి సంబంధించినది. అమెరికా స్వాతంత్ర్యం ఖాయమయ్యేదాకా ఎవరూ ఆయుధం దించకూడదనీ, రెండోవారి సమ్మతి లేకుండా ఎవరూ శత్రువుతో సంధి చేసుకోకూడదనీ ఆ మైత్రీ ఒప్పందం చెప్పింది. కరీబియన్‌లో ఫ్రాన్స్ గెలుచుకునే బ్రిటిష్ దీవులు ఫ్రాన్స్‌కే చెందుతాయన్న షరతు కూడా అందులోనే ఉంది. ఫ్రాన్స్ మనసు ఏ దిక్కున ఉందో ఆ షరతే చెబుతుంది.

ఈ సంతకాలతో యుద్ధ స్వభావమే మారిపోయింది. అంతకుముందు ఏడేళ్ల యుద్ధంలో బ్రిటన్‌కు ప్రష్యా తోడుంది. ఫ్రాన్స్ తన బలంలో పెద్ద భాగాన్ని జర్మనీ నేల మీద ఖర్చు చేయవలసి రావడంతో సముద్రం బ్రిటన్‌కు మిగిలింది. ఈసారి ఐరోపాలో బ్రిటన్ పక్షాన నిలిచే రాజ్యమే లేదు. జర్మన్ సంస్థానాల నుంచి సైనికులను అద్దెకు తెచ్చుకోగలిగింది గానీ మిత్రుడిని సంపాదించుకోలేకపోయింది. ఆ శతాబ్దంలో ఫ్రాన్స్‌తో చేసిన పెద్ద యుద్ధాలలో బ్రిటన్ ఇంత ఒంటరిగా నిలబడింది ఇందులోనే. ఫలితం ఆ ఏడాదే కనిపించింది. పంచదార పండే కరీబియన్ దీవులు లండన్‌కు అమెరికా వలసలకంటే విలువైనవిగా తోచాయి కాబట్టి, ఫిలడెల్ఫియాను ఖాళీ చేసి, సెయింట్ లూసియా దీవిని పట్టుకోవడానికి ఐదు వేల మందిని పంపించమని సేనాని క్లింటన్‌కు ఆజ్ఞ వచ్చింది. ఏడాది క్రితం ఎంతో రక్తం చిందించి గెలుచుకున్న నగరాన్ని ఒక ఒప్పందం ఖాళీ చేయించింది. మీ వ్యాసంలో ఫిలడెల్ఫియా పతనం ఉంది, ఈ విడుపు లేదు.

1779 ఏప్రిల్ 12న ఆరన్‌హ్వేస్‌లో స్పెయిన్ ఫ్రాన్స్‌తో చేయి కలిపింది. తనకూ వలసలున్న స్పెయిన్ అమెరికన్లతో మాత్రం ఏ మైత్రీ ఒప్పందమూ చేసుకోలేదు. దానికి కావలసింది జిబ్రాల్టర్, మినోర్కా, ఫ్లోరిడాలు. ఆ వేసవిలో అరవైకి పైగా ఫ్రెంచి, స్పానిష్ యుద్ధనౌకలు ఇంగ్లిష్ చానెల్‌లోకి వచ్చి ప్లిమత్ ఎదుట కనిపించాయి. వాటిని అడ్డుకోవలసిన బ్రిటిష్ నౌకలు నలభై కూడా లేవు. నావికులలో రోగాలు ప్రబలి, తిండి నీళ్లు తరిగిపోయి ఆ మహా నౌకాదళం దండయాత్ర చేయకుండానే వెనుదిరిగింది. కానీ ఆ భయం బ్రిటన్‌ను వదలలేదు. స్వదేశ తీరాన్ని కాపాడుకోవడానికి ఒక దళం, మూడున్నరేళ్లకు పైగా ముట్టడిలో ఉన్న జిబ్రాల్టర్‌కు తిండి చేర్చడానికి మరో దళం, కరీబియన్‌కు ఒకటి, భారత సముద్రానికి ఒకటి అవసరమైతే, అమెరికా తీరానికి మిగిలేది ఎంత? 1780 డిసెంబరులో బ్రిటన్ డచ్చివారి మీద కూడా యుద్ధం ప్రకటించింది. ఓడలకు కావలసిన కొయ్య, తారు, జనపనార బాల్టిక్ నుంచి శత్రువుకు చేరకుండా ఆపడానికి తటస్థ దేశాల ఓడలను సోదా చేస్తుంటే, రష్యా రాణి రెండవ కేథరిన్ ఆ ఏడాదే తటస్థ రాజ్యాలతో ఒక సాయుధ కూటమిని ఏర్పాటు చేసింది. డచ్చివారు అందులో చేరి రక్షణ పొందకముందే వారిని దెబ్బతీయాలని బ్రిటన్ ఆలోచన. ఆ విధంగా శత్రువుల జాబితాలో ఇంకో పేరు చేరింది.

కూటమి కట్టినంత మాత్రాన పనులు సాఫీగా జరిగాయని నేననను. మొదట వచ్చిన ఫ్రెంచి సేనాని దెస్తాంగ్ 1778 జులైలో న్యూయార్క్ ముంగిట సాండీ హుక్ దగ్గర ఇసుక మేట దాటలేక ఆగిపోయాడు. ఆయన పెద్ద నౌకలకు అక్కడి నీటి లోతు చాలదని దారి చూపేవారు భయపడ్డారు. ఆగస్టులో న్యూపోర్ట్ దగ్గర తుపాను ఇరుపక్షాల నౌకలనూ చెల్లాచెదురు చేసింది. మరమ్మతుల కోసం ఆయన బోస్టన్‌కు వెళ్లిపోతే, నేల మీద ఒంటరిగా మిగిలిన అమెరికన్ సేనానులు ఆయనను బహిరంగంగా నిందించారు. మరుసటి ఏడాది అక్టోబరులో సవన్నా కోట మీద జరిపిన దాడిలో ఆయనే గాయపడ్డాడు, దాడి విఫలమైంది. మూడేళ్ల పాటు ఈ మైత్రి అమెరికన్లకు ఆశ చూపి నిరాశే మిగిల్చింది. అయినా వాషింగ్టన్ దాని మీద నమ్మకం వదులుకోలేదు. నిర్ణయాత్మకమైన నౌకాధిక్యమే ఏ దాడికైనా మూలసూత్రమని 1780 జులైలో ఆయన ఫ్రెంచి సేనాని రోషాంబోకు రాసి పంపాడు. నేల మీద పోరాడే సేనాని అలా రాశాడంటే, తన యుద్ధం ఎక్కడ తేలుతుందో ఆయనకు మనకంటే బాగా తెలుసు.

1781 వేసవిలో ఆ ఆధిక్యం ఎలా సమకూరిందో కొంచెం వివరంగా చెప్పాలి. మీ వ్యాసంలో పూర్తిగా మాయమైన ఘట్టం ఇదే. ద గ్రాస్ నాయకత్వంలోని ఫ్రెంచి నౌకాదళం మార్చిలో ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవు నుంచి బయలుదేరి కరీబియన్‌కు వచ్చింది. ఫ్రెంచి వర్తక ఓడలను, దీవులను కాపాడటానికి అందులో కొంత భాగాన్ని అక్కడే ఉంచడం మామూలు పద్ధతి. అప్పుడు స్పెయిన్ ప్రతినిధి ఫ్రాన్సిస్కో సావెద్రా ఆయనతో కూర్చుని, ఆ దీవుల కాపలా తమ నౌకలు చూసుకుంటాయనీ, ద గ్రాస్ తన బలమంతా తీసుకుని ఉత్తరానికి పోవచ్చుననీ ఒప్పందం కుదుర్చుకున్నాడు. సైన్యం జీతాలకు డబ్బు లేదంటే హవానాలో ఐదు లక్షల పెసోలు సమకూర్చి ఇచ్చారు. అమెరికాను గుర్తించని స్పెయిన్ ఆ విధంగా అమెరికా విజయానికి పెట్టుబడి పెట్టింది. సావెద్రా పేరు పాఠ్యపుస్తకాలలో కనబడకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

న్యూయార్క్ మీద దాడి చేయాలన్నది వాషింగ్టన్ కోరిక. ద గ్రాస్ వస్తున్నది న్యూయార్క్‌కు కాదని, వర్జీనియాలోని చెసపీక్ అఖాతానికని, అక్టోబరు మధ్య వరకే ఉంటాడని ఆగస్టు 14న కబురు అందింది. వాషింగ్టన్, రోషాంబో తమ సేనలను వెంటనే దక్షిణానికి నడిపించారు. ఇక్కడ బ్రిటిష్‌వారి దురదృష్టం కూడా ఉంది. కరీబియన్‌లోని బ్రిటిష్ నౌకా సేనాని రాడ్నీ అనారోగ్యంతో స్వదేశానికి వెళ్లిపోగా, ఆయన కింది సేనాని హుడ్ 14 నౌకలతో ద గ్రాస్‌ను వెతుక్కుంటూ ఉత్తరానికి వచ్చాడు. రాగి రేకులు తాపిన ఆయన ఓడలు ఎంత వేగంగా వచ్చాయంటే, ఆగస్టు 25న చెసపీక్ ముఖద్వారంలోకి తొంగి చూసేసరికి అక్కడ ఎవరూ లేరు. ఫ్రెంచివారు న్యూయార్క్ వైపు వెళ్లి ఉంటారనుకుని ఆయన ముందుకు సాగిపోయాడు. ఐదు రోజుల తరువాత ద గ్రాస్ 28 నౌకలతో, మూడు వేలకు పైగా సైనికులతో అదే అఖాతంలో లంగరు వేశాడు.

సెప్టెంబరు 5న బ్రిటిష్ నౌకా సేనానులు గ్రేవ్స్, హుడ్‌లు 19 నౌకలతో వచ్చేసరికి ఫ్రెంచి నావికులలో చాలామంది పడవల మీద ఒడ్డుకు వెళ్లి ఉన్నారు. వారికోసం ఆగకుండా ద గ్రాస్ లంగరు తాళ్లు వదిలేయించి, 24 నౌకలను అఖాతం నుంచి ఒక్కొక్కటిగా బయటికి తీశాడు. అలా వస్తున్నప్పుడు ఆ వరుస చెదిరి ఉంది. గాలివాటు బ్రిటిష్‌వారికి అనుకూలంగా ఉంది. అప్పుడే మీదపడి ఉంటే ఏమయ్యేదోనని నావిక చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. గ్రేవ్స్ మాత్రం తన వరుసను సరిచేసుకునే పనిలో పడ్డాడు. సాయంత్రం నాలుగు దాటాక పోరు మొదలైనప్పుడు శత్రువుకు దగ్గరగా పోరాడమన్న జెండాతో పాటు, వరుస తప్పవద్దన్న జెండా కూడా ఆయన నౌక మీద ఎగురుతూనే ఉంది. వెనుక భాగాన్ని నడిపిన హుడ్ రెండో జెండానే పాటించాడు. దానితో ఆయన నౌకలు ఆ రోజు పోరాటంలో దాదాపు పాల్గొననే లేదు. తప్పు గ్రేవ్స్‌దా, హుడ్‌దా అన్న తగవు అప్పుడే మొదలైంది. మాట దూరం దాటిన నౌకలను రంగు గుడ్డలతో నడిపించవలసిన ఆ రోజులలో గ్రేవ్స్ ఒక్కడినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదని నాకు అనిపిస్తుంది.

ఆ సాయంత్రం ఏ పక్షమూ ఒక్క నౌకనైనా పట్టుకోలేదు. బాగా దెబ్బతిన్న ఒక నౌకను తరువాత బ్రిటిష్‌వారే తగలబెట్టుకున్నారు. కానీ కొన్ని రోజుల పాటు రెండు దళాలూ ఒకదాన్నొకటి కనిపెట్టుకుంటూ దక్షిణానికి జరిగిపోగా, న్యూపోర్ట్ నుంచి వచ్చిన ఫ్రెంచి నౌకా సేనాని బారా దళం ముట్టడికి కావలసిన పెద్ద ఫిరంగులతో అఖాతంలో ప్రవేశించింది. గ్రేవ్స్ న్యూయార్క్‌కు మరలక తప్పలేదు. యార్క్‌టౌన్‌లో సముద్రానికి వీపు ఆనించి, ఓడల కోసం ఎదురుచూస్తూ కూర్చున్న కార్న్‌వాలిస్‌కు ఆ వీపు వైపు దారి మూసుకుపోయింది. అక్టోబరు 19న ఆయన ఏడు వేల మందికి పైగా సైన్యంతో లొంగిపోయాడు. ఆయనను విడిపించడానికి ఏడు వేల మంది సైనికులతో న్యూయార్క్ నుంచి ఓడలు బయలుదేరింది కూడా అదే రోజు. ముట్టడి వేసిన సైన్యంలో ఫ్రెంచివారి సంఖ్య అమెరికన్ల సంఖ్యకు కొంచెం అటూ ఇటూగా ఉంది. నౌకలన్నీ ఫ్రెంచివే.

లండన్‌లో ప్రధాని నార్త్ మంత్రివర్గం ఈ దెబ్బతో 1782 మార్చిలో కూలిపోయింది. కానీ యుద్ధం ఆగలేదు. ఏప్రిల్ 12న కరీబియన్‌లో సెయింట్స్ దీవుల దగ్గర రాడ్నీ 36 నౌకలతో ద గ్రాస్ వరుసను చీల్చి, ఆయనను పతాక నౌకతో సహా పట్టుకున్నాడు. జమైకా మీద ఫ్రాన్స్, స్పెయిన్ తలపెట్టిన దాడి దానితో ఆగిపోయింది. బ్రిటిష్ నౌకల అడుగుకు తాపిన రాగి రేకులకు ఈ గెలుపులో వాటా ఉంది. కొయ్యను తొలిచే పురుగునూ, వేగాన్ని తగ్గించే నాచునూ రాగి అడ్డుకుంటుంది. ఓడను తరచూ ఒడ్డెక్కించి అడుగు గీకవలసిన పని తప్పుతుంది. తక్కువ నౌకలతో ఎక్కువ సముద్రాన్ని కాయవలసిన బ్రిటన్‌కు అది కొత్త నౌకలు చేతికి వచ్చినంత పని చేసింది.

అదే 1782 ఏప్రిల్ 12న, సెయింట్స్ దగ్గర ఫిరంగులు మోగుతున్న రోజునే, సింహళం తూర్పు తీరంలో ప్రావిడియన్ దగ్గర ఫ్రెంచి సేనాని సుఫ్రెన్, బ్రిటిష్ సేనాని హ్యూస్ ఢీకొన్నారు. సుఫ్రెన్ బ్రెస్ట్ నుంచి బయలుదేరింది ద గ్రాస్‌తోనే. దారిలో విడిపోయి ఒకరు చెసపీక్‌కు, మరొకరు కోరమాండల్ తీరానికి వచ్చారు. ఒకే యుద్ధానికి చెందిన రెండు చేతులివి. ఫ్రాన్స్ యుద్ధంలో దిగిన 1778లోనే బ్రిటిష్‌వారు పుదుచ్చేరిని, మరుసటి ఏడాది మాహెను పట్టుకున్నారు. మాహె రేవు ద్వారా ఆయుధాలు తెప్పించుకునే హైదర్ అలీ ఆగ్రహించాడు. 1780లో ఆయన కర్ణాటక మీద పడటానికి ఉన్న కారణాలలో అదొకటి. ఆ సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర హైదర్, టిప్పుల చేతిలో తుడిచిపెట్టుకుపోయిన బ్రిటిష్ సేనాని బెయిలీ దళం గుంటూరు సీమ నుంచి దిగివచ్చినదే. అక్టోబరు 3న విశాఖపట్నంలో, ఓడ ఎక్కి మద్రాసు యుద్ధానికి పొమ్మన్న ఆజ్ఞ మీద సిపాయిలు తిరగబడ్డారు. అమెరికా యుద్ధం మనకు ఎంతో దూరాన జరిగిందనుకునే పాఠకులకు ఈ రెండు సంఘటనలూ తెలియవలసినవే.

1782 ఫిబ్రవరి నుంచి 1783 జూన్ వరకు సుఫ్రెన్, హ్యూస్ ఐదుసార్లు తలపడ్డారు: సద్రాస్, ప్రావిడియన్, నాగపట్నం, ట్రింకోమలీ, కడలూరు. ఆ ఐదు పోరాటాలలో ఎవరూ ఎవరి యుద్ధనౌకనూ పట్టుకోలేకపోయారు. కోరమాండల్ తీరంలో నౌకలు తలదాచుకోవడానికి సహజమైన రేవు లేదు. ఈశాన్య రుతుపవనం వచ్చిందంటే లంగరు వేసి ఉన్న ఓడ ఒడ్డుకు కొట్టుకురావలసిందే. హ్యూస్‌కు మరమ్మతులకు బొంబాయి ఉంది. సుఫ్రెన్‌కు ఈ ప్రాంతంలో ఏమీ లేదు. అందుకే ఆయన 1782 ఆగస్టు చివర ట్రింకోమలీని గెలుచుకున్నాడు. విరిగిన తెరచాప స్తంభాలకు బదులు చిన్న ఓడల స్తంభాలు పీకి పెద్ద ఓడలకు వేయించుకుంటూ, కరువైన నావికుల స్థానంలో సైనికులను ఎక్కించుకుంటూ ఆయన సాగించిన ఆ పదహారు నెలల పోరాటాన్ని తలచుకుంటే నాకు నేటికీ ఆశ్చర్యమే. అదే ఏడాది జులైలో ఆయన కడలూరు దగ్గర హైదర్‌ను స్వయంగా కలుసుకున్నాడు. ఆ డిసెంబరులో హైదర్ కన్నుమూశాడు. హైదర్ ఎదురుచూసిన ఫ్రెంచి సైన్యం 1783 మార్చిలో గాని రాలేదు. దానిని తెచ్చినవాడు వృద్ధుడైన బుస్సీ. ఇరవై ఆరేళ్ల క్రితం బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు నడిపించిన బుస్సీ ఈయనే.

మిత్రులు ఒకరి భారం ఒకరు ఎంతవరకు మోస్తారన్నది సంధి సమయంలో తేలింది. 1782 నవంబరు 30న అమెరికన్ ప్రతినిధులు వెర్జెన్‌కు చెప్పకుండానే బ్రిటన్‌తో ప్రాథమిక ఒప్పందం మీద సంతకం చేశారు. ఫ్రాన్స్ సంధి కుదిరాకే అది అమలులోకి వస్తుందని అందులో రాసుకున్నా, ఒంటరిగా సంధి చేసుకోబోమన్న నాలుగేళ్ల కిందటి మాటకు అది వన్నె తెచ్చే పని కాదు. స్పెయిన్‌కు మినోర్కా, ఫ్లోరిడాలు దక్కాయి, జిబ్రాల్టర్ దక్కలేదు. ఫ్రాన్స్‌కు టొబాగో, సెనెగల్, మోయలేని అప్పు మిగిలాయి. ఆ ఖర్చు వంద కోట్ల లివర్లకు పైమాటేనని చరిత్రకారుల అంచనా. మంగళూరు ముట్టడిలో ఉన్న టిప్పు పక్కనుంచి ఫ్రెంచి సైనికులు తప్పుకోగా, ఆయన ఒంటరిగానే పోరాటం సాగించి 1784 మార్చిలో బ్రిటిష్‌వారితో సంధి చేసుకున్నాడు.

మీ వ్యాసకర్తకు ఒక్క తేదీ గుర్తుచేస్తాను. ఫ్రాన్స్, బ్రిటన్‌ల మధ్య ప్రాథమిక సంధి మీద 1783 జనవరి 20న సంతకాలు జరిగాయి. ఆ వార్త ఓడ మీద రావాలి. అది దారిలో ఉండగానే, సరిగ్గా ఐదు నెలలకు, జూన్ 20న, కడలూరు ఎదుట సుఫ్రెన్ 15 నౌకలతోను, హ్యూస్ 18 నౌకలతోను సూర్యాస్తమయం వరకు ఫిరంగులు కాల్చుకున్నారు. యార్క్‌టౌన్ లొంగిపోయి అప్పటికి ఇరవై నెలలు. హ్యూస్ మద్రాసుకు మరలిపోయాడు, కడలూరును ముట్టడించిన బ్రిటిష్ సైన్యానికి సముద్రపు దారి తెగిపోయింది. ఆ నెలాఖరున మద్రాసు నుంచి తెల్లజెండాతో ఒక బ్రిటిష్ ఫ్రిగేట్ సంధి వార్త తీసుకుని వచ్చినప్పుడు గాని ఆ తీరంలో ఫిరంగులు ఆగలేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు